హుల్డా వంగిన వేసవి

స్వీడన్ ఉత్తరపు కొసన, టోర్నే నది ఒడ్డున, పాల్ట్ తిన్నాక కూడా కూర్చుని ఉన్న మనిషిని ఎవరూ నమ్మరు. పచ్చి ఆలుగడ్డ తురుములో బార్లీ పిండి కలిపి, లోపల ఉప్పుపంది ముక్కలు కూరి, పిడికిలంత ఉండలు చేసి ఉడకబెట్టి, కరిగిన వెన్నలో దొర్లించుకుని తిన్న తర్వాత మనిషన్నవాడికి మిగిలే పని ఒక్కటే. వెల్లకిలా పడిపోవడం. దానికి మంచమే అక్కర్లేదు. చెక్కబల్ల ఖాళీగా ఉంటే బల్ల, లేకపోతే నేలమీది పేలికల జంపఖానా. చుట్టం పడుకోకుండా కూర్చున్నాడంటే వండినావిడ నొచ్చుకుంటుంది, ఉప్పు తక్కువైందేమోనని.

అలాంటి చోట, టెలివిజన్‌ని పాపమని ఇంకా ఊరి పొలిమేర దాటనివ్వని ఆ రోజుల్లో, జూన్ నెల శనివారం మధ్యాహ్నం, తన చేత్తో చేసిన పాల్ట్ తానే తిని హుల్డా వారా పడుకోలేకపోయింది.

భర్త వాల్‌ఫ్రిడ్ అప్పటికే వంటింటి బల్లమీద నోరు తెరిచి ఉన్నాడు. ఆడపడుచు ఎడ్లా పొయ్యి పక్కన జంపఖానా మీద, పొట్టమీద చేతులు కట్టుకుని, చర్చి గోరీల మీది రాతి రాణిలా పడుకుంది. హుల్డా కూడా ఆమె పక్కన నడుం వాల్చింది. వీపు నేలకి ఆనిందో లేదో, రొమ్ముటెముక కింద ఎవరో వడ్రంగి బరమా పెట్టి తిప్పినట్టు, వసంతం నుంచి వచ్చిపోతున్న నొప్పి మళ్ళీ మొదలైంది. అది పొట్టలో ఆగలేదు. తిన్నగా వెన్నులోకి దిగింది. హుల్డా పళ్ళు బిగించి లేచి, కుర్చీలో కూర్చుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మీదుగా ముందుకి వంగి నుదురు బల్లకి ఆనించింది. నొప్పి పోలేదు గాని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏమే హుల్డా, ప్రార్థన తినకముందే అయిపోయిందిగా," అంది ఎడ్లా కళ్ళు తెరవకుండా.

"కడుపునొప్పి వదినా."

"మరి పడుకోవే. పడుకుంటే దిగుతుంది."

"పడుకుంటేనే వస్తోంది."

"చాల్లే! పడుకుంటే వచ్చే నొప్పి ఎక్కడైనా ఉందా? నడిస్తే వచ్చేది చూశాను, వంగితే వచ్చేది నాకే ఉంది. పడుకుంటే వచ్చేది నీకే మొలిచింది."

లోకం తీరే అంత. ఏ దేశం వెళ్ళండి, ఏ భాషలోనైనా "నొప్పి" అని చూడండి, ముందు మంచం చూపిస్తారు. మంచాన్ని కనిపెట్టినవాడు రోగి అయి ఉండడు. రోగి మూలుగు వినలేక నిద్ర చెడినవాడై ఉంటాడు. మనిషి పడుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళకి ధైర్యం. రోగం తన చోట తాను ఉంది, మనం మన పని చూసుకోవచ్చు అని. పడుకోనన్న రోగి అందరికీ కంట్లో నలుసు.

హుల్డాకి యాభై ఎనిమిదేళ్ళు. ఆరుగురు పిల్లల్ని కని, దక్షిణాది ఫ్యాక్టరీలకీ నార్వే ఓడలకీ పంపిన మనిషి. అంతకాలంలో ఆమె ఒంటి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇప్పుడు మొదటిసారి చెబితే జవాబు అదీ.

మర్నాడు ప్రార్థనా గృహంలో అసలు ముప్పు వచ్చిపడింది.

ఆ గృహం పద్ధతి కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. బోధకుడు నీకానోర్ ఫిన్నిష్‌లో ఒక వాక్యం చెబుతాడు, పక్కనే నిలబడ్డ బడిపంతులు ఆల్గట్ దాన్ని స్వీడిష్‌లో చెబుతాడు, మళ్ళీ నీకానోర్. గోడగడియారం లోలకంలా గంటలకొద్దీ అలా సాగుతుంది. మధ్యలో ఎవరి గుండెకైనా మాట తగిలితే వాళ్ళు ముందుకి విరిగిపోతారు. నుదురు ముందు బల్ల వీపుకి ఆనుతుంది, భుజాలు వణుకుతాయి. అప్పుడు పక్కవాళ్ళు లేచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, "నమ్ము, నీ పాపాలు క్షమించబడ్డాయి," అంటారు. అందులో మోసం లేదు. ఆ మాటతో ఎందరో చలికాలాలు దాటారు, తాగుడు మానారు, అన్నదమ్ములు కలిశారు. మంచి మందే. కాని క్లోమానికి వేసే మందు కాదు.

అరగంట నిటారుగా కూర్చున్నాక హుల్డా వీపులో బరమా తిరిగింది. ఆమె వంగి నుదురు ముందు బల్లకి ఆనించింది. నొప్పికి భుజాలు వణికాయి.

ఇంకేముంది! ఎడమవైపు నుంచి ఒకావిడ, కుడివైపు నుంచి ఒకావిడ, వెనకనుంచి సాక్షాత్తూ ఎడ్లా. మూడు జతల చేతులు మెడకి.

"నమ్ము సోదరీ, నమ్ము!"

"కడుపునొప్పమ్మా," అంది హుల్డా బల్లలోకి.

"అలాగే మొదలవుతుంది."

"నిజంగా కడుపే!"

"బరువు ఏదైనా సరే దించెయ్. ఎంతకాలం మోస్తావు?"

హుల్డా ఆ చేతుల్ని విదిలించింది. ఆ విదిలింపే కొంప ముంచింది. క్షమాపణ వద్దన్న మనిషి ఎవరు? చెప్పుకోలేనంత పెద్దది చేసినది. కాఫీ వేళకి ఆ మాట గృహం దాటింది. పళ్ళమధ్య చక్కెర ముక్క పెట్టుకుని సాసర్లో కాఫీ ఊదుకుంటూ ఊరు ఊరంతా ఒకటే ఆలోచించింది: హుల్డా వారా ఏం చేసి ఉంటుంది?

వంగిన మనిషి ఎవడికి కావలసినట్టు వాడికి కనిపిస్తాడు. రాజుకి దాసుడు, పోలీసుకి దొంగ, పెద్దమనిషికి బిచ్చగాడు, భక్తుడికి పాపి. నొప్పితో వంగాడని తోచేది మాత్రం ఎవరికి? తోస్తే లేచి ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది కాబట్టి కాబోలు, తోచదు.

జూలైలో నదిలో నీళ్ళు తగ్గి, చెక్కరేవు పైకి తేలింది. అప్పుడు ఇంటింటి ఆడవాళ్ళూ చలికాలపు జంపఖానాలు తెచ్చి, రేవు మీద పరిచి, మోకాళ్ళమీద కూర్చుని పైన్ సబ్బుతో తోముతారు. హుల్డా కూడా వెళ్ళింది. మోకాళ్ళూ ఒక చెయ్యీ చెక్కకి ఆనించి, పొట్ట కిందికి వేలాడేలా వంగి, రెండో చేత్తో బ్రష్ పట్టుకుని తోమసాగింది. కాసేపటికి ఆమె చెయ్యి ఆగిపోయింది. నొప్పి లేదు! వసంతం నుంచి మొదటిసారి, దాదాపు లేదు. పైన్ సబ్బు వాసన, చెక్కల సందుల్లోంచి నీళ్ళ మెరుపు, వీపులో నిశ్శబ్దం. హుల్డా అక్కడే ఆ భంగిమలోనే కళ్ళు మూసుకుంది. ఏడ్చేసేది, పక్కింటావిడ లేకపోతే.

అప్పటినుంచి జంపఖానాలే జంపఖానాలు. వంటింటివి, పడకగదివి, అటకమీద అత్తగారి కాలంనాటివి. అవి అయిపోతే ఎడ్లావి. ఎడ్లావి అయిపోతే ఎండినవాటినే మళ్ళీ తీసుకెళ్ళింది.

"హుల్డా, నిన్న తోమిందే కదా ఇది?" అన్నాడు వాల్‌ఫ్రిడ్, నెత్తిమీద జంపఖానా చుట్టతో బయల్దేరిన పెళ్ళాన్ని చూసి.

"మరక ఉంది."

"ఎక్కడ?"

"ఆడవాళ్ళకే కనిపిస్తుంది."

రేవు మీద మాత్రం మాటలు పదునెక్కాయి. "సబ్బుతో పోయే మరకైతే ఈపాటికి పోవాల్సిందే," అంది ఒకావిడ, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు. "పాపం మురికి కాదు కదా, తోమితే వదలడానికి," అంది ఇంకొకావిడ. హుల్డా బ్రష్ ఎత్తి ఆమెకేసి చూపించింది.

"నీ జంపఖానా ఇయ్యవే, అదీ తోముతాను. నీ నోరు మాత్రం నువ్వే తోముకో."

ఆ మాటకి ఇద్దరు నవ్వారు, తక్కినవాళ్ళు నవ్వలేదు. పాపి గడుసుగా మాట్లాడితే పాపం ముదిరినట్టే లెక్క.

నెలాఖరుకి వాల్‌ఫ్రిడ్ బలవంతం మీద ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడ దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. అతనికి ఇక్కడి మాట రాదు. మార్గిట్ అనే నర్సు అటుదిటూ ఇటుదటూ చెబుతుంది.

"పడుకోమంటున్నారు."

"పడుకోలేనమ్మా. పడుకుంటేనే నొప్పి."

"పడుకుంటేనే కదా పొట్ట చూసేది!"

పడుకోబెట్టారు. డాక్టరు వేళ్ళు దిగేసరికి హుల్డా కేకకి కిటికీ అద్దాలు కదిలాయి. అతను చేతులు కడుక్కుంటూ ఏదో అడిగాడు. మార్గిట్ ముఖం ఎర్రబడింది.

"ఎంత తాగుతారని అడుగుతున్నారు."

"కాఫీయా?"

"కాదు... సారా."

హుల్డాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. సారా ముట్టని ఇంట పుట్టి, సారా ముట్టని ఇంట మెట్టిన మనిషి! "చెప్పు ఆయనకి, బాప్తిస్మం నీళ్ళ తర్వాత నా నోట్లో పడ్డవి పాలూ కాఫీ మాత్రమేనని."

డాక్టరు నవ్వి ఏదో అన్నాడు. దాన్ని మార్గిట్ అనువదించలేదు. అందరూ అలాగే అంటారని ఆయన అన్నట్టు హుల్డాకి ఆ నవ్వే చెప్పింది. కడుపులో పుండు అని తేల్చి, మీగడ కలిపిన పాలు తాగమనీ, వేడినీళ్ళ సంచి పెట్టుకుని వెల్లకిలా పడుకోమనీ పంపించేశాడు. ఏ రెండు పనులు ఆమెని పొడుస్తున్నాయో సరిగ్గా ఆ రెండే. ప్రశ్న అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. జవాబు విని నమ్మకపోవడం, నమ్మనివాడు చేయాల్సిన పరీక్షయినా చేయకపోవడం, దానికేం పేరు పెట్టాలి?

మార్గిట్ ఎవరితోనూ ఏమీ అనలేదు, ఒక్క వాళ్ళమ్మతో తప్ప. చాలదూ? అంతవరకూ పేరులేని పాపానికి ఆ సాయంకాలమే పేరు దొరికింది. సీసా.

ఊరు అనుకుంటే అనుకుంది. ఊరి నోటికి మూతేది? హుల్డాకి కావలసింది ఒక్క మనిషి నమ్మకం. ముప్పై ఆరేళ్ళు పక్కన పడుకున్న మనిషిది. ఆ ఒక్కటీ ఉంటే ఈ నొప్పిని కూడా సంసారంలో ఒక మనిషిలా భరించేది.

ఒకరోజు పొద్దున బ్రష్ ఇంట్లో మర్చిపోయి రేవు నుంచి వెనక్కొచ్చింది. ఇంటివెనక దుంపల గది తలుపు తెరిచి ఉంది. లోపల వాల్‌ఫ్రిడ్ మోకాళ్ళమీద ఉన్నాడు. ఆలుగడ్డల పెట్టె వెనక చెయ్యి పెట్టి తడుముతున్నాడు. పక్కన లింగన్‌బెర్రీ పళ్ళ మురబ్బా జాడీలన్నీ ఒక్కొక్కటే తీసి, మూతలు విప్పి, వరసగా పెట్టి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది హుల్డాకి, రెండు రోజులుగా ఆయన ఆమె కాఫీ కప్పు తనే కడగడానికి తీసుకెళ్ళడం, తలుపు దగ్గర దాన్ని ముక్కు దాకా ఎత్తడం.

"దొరికిందా?" అంది.

వాల్‌ఫ్రిడ్ చెయ్యి పెట్టె వెనకే ఆగిపోయింది. "ఎలుక... ఎలుకలు వచ్చాయేమోనని."

"ఎలుకలు జాడీల మూతలు విప్పుతాయా?"

"హుల్డా, జనం అంటున్నది..."

"జనం అనేది నేనూ విన్నాను. నువ్వనేది వినలేదు. అను. నా ముఖం చూసి అను, నేను తాగుతానని."

ఆయన అనలేదు. లేదని కూడా అనలేదు. ఆ లేదు అనకపోవడం బరమా కంటే లోతుగా దిగింది. "నొప్పని చెబితే పాపమన్నారు, పాపం కాదంటే సారా అన్నారు. రేపు సీసా దొరక్కపోతే ఏమంటారు? బాగా దాచిందంటారు, అంతేగా!" అని, వెళ్ళి, తోమిన జంపఖానానే మళ్ళీ తోమింది.

ఆగస్టులో నీకానోరూ ఇద్దరు పెద్దలూ ఇంటికొచ్చారు. హితవు చెప్పడానికి. నీకానోర్ చెడ్డవాడు కాదు. ఎవరింట చావు జరిగినా మంచుని తన్నుకుంటూ ముందు వచ్చేది ఆయనే. వాళ్ళొస్తున్నారని ఎడ్లా పొద్దుటే వచ్చి వెన్న ఓడేలా పాల్ట్ వండింది. హుల్డా మర్యాదకి ఒకటి తిన్నది. పెద్దలు గిన్నె వదిలి పడుకోవడానికి చోటు చూసుకునేలోపే ఆమె నేలమీద ఉంది. మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, నుదురు జంపఖానాకి అదిమి.

ముగ్గురూ చేతులు జోడించారు.

"సమయం వచ్చింది సోదరీ," అన్నాడు నీకానోర్ మెత్తగా. "ఇలా మోకాళ్ళమీద పడ్డాక ఇంకా దాపరికమెందుకు? చెప్పెయ్."

"నొప్పి... నీకానోరన్నా."

"ఆత్మ నొప్పి అంతకంటే..."

"నా ఆత్మకేం రోగం లేదు! కడుపుకుంది! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? కావలిస్తే చూడండి!" అని హుల్డా, ఎవరు పట్టుకోబోయినా తోసేసి, కావాలనే తిరగబడి వెల్లకిలా పడుకుంది. అందరూ చెప్పినట్టు. డాక్టరు చెప్పినట్టు. కాళ్ళు చాపి, చేతులు పక్కన పెట్టుకుని, తిన్నగా వాల్‌ఫ్రిడ్ కళ్ళలోకి చూస్తూ.

ఆమె ముఖం తెల్లబడి, ఆ మీద పచ్చబడి, ఆ మీద బూడిదరంగుకి తిరగడం వాల్‌ఫ్రిడ్ చూశాడు. నుదుట చెమట గింజలు కట్టింది. పెదవి కొరుక్కున్న చోట రక్తం చిమ్మింది. ఆమె చూపు మాత్రం తిప్పలేదు. చాలించమని అడగలేదు. అడగాల్సింది తను కాదన్నట్టు.

"చాలు," అన్నాడు వాల్‌ఫ్రిడ్. మళ్ళీ అన్నాడు, ఈసారి ఇల్లదిరేలా. "చాలు! లేవండి అందరూ! అన్నా, నీ కారు తియ్యి!"

"వాల్‌ఫ్రిడ్, ముందు ప్రార్థన..."

"నడుపుతూ చెయ్యి!"

హుల్డా వాంతి చేసుకుంటుండగానే ఎత్తి కారెక్కించారు. వెనకసీట్లో పడుకోబెట్టమంది ఎడ్లా, ఇంకా. వాల్‌ఫ్రిడ్ అక్కని పక్కకి నెట్టి, హుల్డాని కూర్చోబెట్టి, తాను ముందు సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళమీద నిలబడి, ఆమె వంగి తన భుజంమీద వాలేలా పట్టుకున్నాడు. పట్నం దాకా, అడవి దారంతా అలాగే. రైన్‌డీర్లు రోడ్డుకడ్డంగా నిలబడితే నీకానోర్ హారన్ కొట్టాడు, ప్రార్థన మధ్యలో ఆపకుండా.

పెద్దాసుపత్రిలో నడవా చివర తలుపు తెరుచుకుని నెరిసిన జుట్టు డాక్టరమ్మ బయటికొచ్చింది. కుర్చీలో దిండుమీదుగా రెండుగా మడుచుకుని ఉన్న హుల్డాని తలుపు దగ్గర్నుంచే చూసి ఆగింది. పేరడగలేదు. ఊరడగలేదు.

"ఎన్నాళ్ళుగా ఇలా కూర్చుంటున్నారమ్మా?"

ఆ వేసవంతా ఆమె ఎందుకు వంగుతోందో అందరికీ తెలుసు. ఎన్నాళ్ళుగా అని అడిగినవాళ్ళు లేరు. హుల్డాకి నొప్పి కంటే ముందు ఏడుపొచ్చింది.

"వసంతం నుంచి."

"పడుకుంటే ఎక్కువ, ముందుకి వంగితే తక్కువ. అవునా? వీపులోకి పోతుందా? సరే. ఒకటి అడగాలి, కోపం తెచ్చుకోకండి. తాగుడు ఉందా?"

"లేదు."

"సరే," అంది డాక్టరమ్మ, రాసుకుంది, తర్వాతి ప్రశ్నకి పోయింది.

అంతే. సరే. ఒక్క మాట. అంత చిన్న మాటని ఒక ఊరంతా కలిసి పలకలేకపోయింది.

రక్తం తీశారు, పరీక్షలు చేశారు. పిత్తాశయంలో రాళ్ళు, అందులోంచి ఒకటి జారి దారికడ్డం పడ్డప్పుడల్లా క్లోమం వాచిపోతోంది. "అది పొట్టకి వెనకాల, వెన్నుకి ఆనుకుని ఉంటుంది," అని డాక్టరమ్మ వాల్‌ఫ్రిడ్‌కి తన గుప్పిట గోడకి ఆనించి చూపించింది. "వెల్లకిలా పడుకుంటే వాచినదాని మీద బరువు పడి అదుముకుంటుంది. వంగితే కాస్త ఎడం దొరుకుతుంది. ఒళ్ళు తనకి తెలిసిన మందు తాను వేసుకుంది. వెన్న, మీగడ తిన్నప్పుడల్లా రేగి ఉంటుంది." ముందు నోటికేమీ ఇవ్వకుండా, కాఫీ చుక్క కూడా లేకుండా సెలైన్ పెట్టారు; వాపు తీశాక కోసి రాళ్ళు తీసేశారు. నర్సులు మంచం తల ఎత్తి, ముందుకి వాలడానికి దిండు కూడా పెట్టారు. కాఫీ విషయంలో హుల్డా వాళ్ళని తిట్టింది. దానికెవరూ పాపమనలేదు.

అక్టోబరులో మొదటి మంచు పడ్డ ఆదివారం ఆమె మళ్ళీ ప్రార్థనా గృహానికి వచ్చింది. సన్నబడింది గాని, మేకు కొట్టినట్టు నిటారుగా కూర్చుంది. బల్లలన్నీ ఆనందంతో గుసగుసలాడాయి. చూశారా, దించుకుంది! ముఖం చూడండి ఎంత తేలికపడిందో! ఏం దించుకుందో చెప్పలేదు గాని దించుకుంది! పచ్చి కోతకి ఇంకా కట్టు ఉంది. అయినా ఊరికి తన కథే కావాలి. చివరికి నీకానోర్ కూడా, కారు నడిపిన ఆ నీకానోర్ కూడా, "ఒక సోదరి భారం తొలగినందుకు స్తోత్రం," అన్నాడు. ఆల్గట్ దాన్ని స్వీడిష్‌లో చెప్పాడు. హుల్డా చెవులు ఎర్రబడ్డాయి. బల్ల అంచు పట్టుకుని లేవబోయింది.

అంతకంటే ముందు మగవాళ్ళ వైపు వాల్‌ఫ్రిడ్ లేచాడు. పుట్టి అరవై ఏళ్ళలో ఆ గృహంలో నోరు విప్పని మనిషి.

"హుల్డా దించుకోవడానికి ఏమీ లేదు," అన్నాడు. "ఉన్నది నాకు. నా పెళ్ళాం కప్పు వాసన చూశాను. దుంపల గదిలో సీసా వెతికాను. ఆమె నొప్పని చెబుతుంటే ఊరి మాట విన్నాను."

అని నడవ దాటి వచ్చాడు. అక్కడి పద్ధతి ప్రకారం వంగి, తల దించి, ఆమె మెడ చుట్టూ వేయడానికి చేతులు చాపాడు. పద్ధతి ప్రకారం ఆమె వెంటనే ఆ క్షమాపణ మాట చెప్పాలి.

హుల్డా అరచెయ్యి ఆయన రొమ్ముకి ఆనించి ఆపింది.

"వంగకు," అంది. "వంగడం సంగతి నాకు తెలుసు, చాలా చూశాను. నిటారుగా నిలబడి అడుగు."

వాల్‌ఫ్రిడ్ నిటారుగా నిలబడ్డాడు. కళ్ళలోకి చూసి అడిగాడు.

ఆమె కాసేపు చూసింది. దుంపల గదిలో వరసగా నిలబెట్టిన జాడీలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ మూతపెట్టి సర్దినంత సేపు. ఆ తర్వాత ఆ మాట చెప్పింది. చెప్పి, కూర్చోలేదు. ఆడవాళ్ళ వైపు ఒకసారి, మగవాళ్ళ వైపు ఒకసారి, నీకానోర్ వైపు ఇంకొంచెం ఎక్కువసేపు చూసింది.

"ఇంకెవరు?" అంది.

ఎవరూ కదల్లేదు. నీకానోర్ పక్కనే నిలబడ్డ ఆల్గట్ మాత్రం, ఏళ్ళనాటి అలవాటు కొద్దీ, వెనక బల్లలకి కూడా వినబడేలా ఆ మాటని స్వీడిష్‌లో చెప్పాడు.

రెండో వరసలో ఎడ్లా బల్ల కిర్రుమంది.